కొసాక్కులూ కజఖ్‌లూ ఒకళ్ళేనా? మా ఇంట్లో తేలని వాదన

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:12
అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు కజకిస్తాన్‌లో, కరగండలో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్నాడు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు భోజనాల దగ్గర మామూలుగా అడిగాను, "ఏరా, మీ ఊళ్ళో కొసాక్కులు ఇంకా గుర్రాల మీద తిరుగుతున్నారా?" అని. నా చిన్నప్పుడు మా నాన్న విజయవాడ వెళ్ళినప్పుడల్లా సోవియట్ పుస్తకాలు తెచ్చేవారు, వాటిలో బొచ్చు టోపీ, నడుముకి వంపు కత్తి పెట్టుకున్న రౌతుల బొమ్మలుండేవి. వాళ్ళది కజకిస్తానే అనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపేశాను. మావాడు తింటున్న చెయ్యి ఆపి, "మావయ్యా, వాళ్ళు వేరు, వీళ్ళు వేరు. ఈ మాట అక్కడ అంటే బాధపడతారు" అన్నాడు. మా బావేమో "పేరు ఒకటే అయినప్పుడు జాతి వేరెలా అవుతుంది, ఒకే జనం రెండుగా చీలి కొందరు క్రైస్తవంలోకి, కొందరు ఇస్లాంలోకి వెళ్ళుంటారు" అని పట్టుబట్టాడు. రెండు రోజులు నెట్‌లో వెతికాను, ఇంకా కలగాపులగం అయింది. తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి. వాదన గెలవాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

స్టెప్పీగాలి · శనివారం రాత్రి 10:05
గోదారిగట్టు గారూ, నేను కూడా కరగండలోనే ఆరేళ్ళు చదివాను, ఇప్పుడు ఖమ్మంలో ప్రాక్టీస్. మీ మేనల్లుడు చెప్పిందే కరెక్ట్.

కజఖ్‌లు టర్కిక్ జనం, అంటే టర్కీ భాషకి చుట్టాలైన భాషలు మాట్లాడేవాళ్ళు. వాళ్ళ భాష కిప్‌చాక్ శాఖకి చెందింది, తాతార్లకీ కిర్గిజ్‌లకీ దగ్గర. సున్నీ ముస్లింలు. 1930ల దాకా ఎక్కువమంది గొర్రెలు, గుర్రాలు, ఒంటెలతో కాలాన్నిబట్టి మేతకి కదిలే జీవితమే. కొసాక్కులు చాలావరకు స్లావులు, రష్యన్ లేదా ఉక్రేనియన్ మాట్లాడతారు, ఆర్థడాక్స్ క్రైస్తవులు. నదుల ఒడ్డున కోట కట్టుకుని ఉండే సాయుధ జనం.

నాకు ఈ తేడా పుస్తకంలో తెలియలేదు. మేం అద్దెకున్న ఇంటావిడ ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, మీ నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు అంటూ అడుగుతూ పోయింది. నేను నాలుగో తరం దగ్గర ఆగిపోయాను. ఆవిడ మాత్రం వేళ్ళు మడుస్తూ ఏడు పేర్లు తడుముకోకుండా చెప్పింది. 'జెతి అతా' అంటారు దాన్ని, ఏడుగురు తాతలు. తండ్రి వైపు ఏడు తరాల లోపల కలిస్తే పెళ్ళి కుదరదు. మనకి సగోత్రం ఎలాగో అలాగ, కాకపోతే గోత్రం పేరు ఒకటే గుర్తుంటే మనకి సరిపోతుంది, వాళ్ళకి మనుషుల పేర్లే గుర్తుండాలి. కజఖ్ అంటే ముందు వంశం, తెగ, తర్వాత 'జూజ్' అనే పెద్ద విభాగం (పెద్ద, మధ్య, చిన్న అని మూడున్నాయి). కొసాక్కుల్లో మొదట్లో పద్ధతి దీనికి పూర్తి విరుద్ధం. నువ్వెవరి కొడుకువి అని అడగరు, మాతో ఉంటావా అని అడుగుతారు. నా దృష్టిలో అసలు తేడా అక్కడుంది.

భాషాప్రియుడు · శనివారం రాత్రి 11:31
మీ బావగారు పూర్తిగా తప్పు కాదండీ. మాట ఒకటే. జనం వేరు.

పాత టర్కిక్‌లో 'కజక్' అంటే దొరని, తెగని వదిలేసి తన దారి తాను చూసుకున్నవాడు. స్వేచ్ఛగా తిరిగేవాడు అనొచ్చు, పట్టించుకునే దిక్కు లేనివాడు అనొచ్చు, అవసరమైతే దోచుకుని బతికేవాడు అని కూడా అనొచ్చు. 14వ శతాబ్దం మొదట్లో నల్లసముద్రం ప్రాంతంలో రాసిన కోడెక్స్ కుమానికస్ అనే నిఘంటువు ఉంది, అందులో ఈ మాటకి కాపలాదారు అని అర్థం ఇచ్చారు. అంటే అప్పటికి అది ఏ జాతికీ పేరు కాదు. ఒక రకం బతుకుకి పేరు. మనం 'దేశదిమ్మరి' అంటే అది కులమూ కాదు, భాషా కాదు కదా, అలాంటిదే.

ఆ బతుకు బతికిన రెండు వేర్వేరు గుంపులకి, వేర్వేరు చోట్ల ఆ పేరే అంటుకుంది, తరతరాలుగా అంటుకునే ఉండి చివరికి జాతి పేరయింది.

ఇంకొకటి, నెట్‌లో 'కజ్' అంటే బాతు (హంస అని కూడా రాస్తారు), 'అక్' అంటే తెలుపు, కాబట్టి కజక్ అంటే తెల్ల హంస అని చాలాచోట్ల కనిపిస్తుంది. హంస కన్యగా మారి గాయపడిన వీరుణ్ణి కాపాడిన కథ కూడా ఉంది, అందమైన కథే. కానీ టర్కిక్ భాషల్లో విశేషణం ముందొస్తుంది. తెల్ల బాతు కావాలంటే 'అక్ కజ్' అవ్వాలి. మనం తెల్లబాతు అంటాం గానీ బాతుతెల్ల అనం, అచ్చం అలాగే.

హైదరాబాదీ63 · ఆదివారం ఉదయం 6:48
ఈ మాట ఉర్దూలో ఇప్పటికీ ఉంది భాయ్. కజ్జాక్ అంటే దారిదోపిడీ దొంగ. బహ్రీ కజ్జాక్ అంటే సముద్రపు దొంగ. మా నాన్నగారు పాత రోడ్డు దోపిడీల గురించి చెప్పేటప్పుడు ఈ మాటే వాడేవారు. రాసేటప్పుడు గొంతు లోపల్నించి పలికే 'కాఫ్' అక్షరంతో రాస్తారు. మన దక్కనీలో ఆ కాఫ్‌ని 'ఖ' లాగా పలుకుతాం, కలం ఖలం అవుతుంది. అందుకని మా ఇంట్లో అది ఖజ్జాఖ్. ఈ టాపిక్ చదువుతుంటే రష్యన్‌లో చివర 'ఖ' ఎందుకొచ్చిందా అని ఆలోచనలో పడ్డాను.

బాబరు కూడా ఈ మాట వాడాడు. సమర్‌ఖండ్ పోగొట్టుకుని, తండ్రి రాజ్యం ఫర్గానా కూడా పోయి, కొద్దిమంది మనుషులతో కొండల్లో తిరిగిన రోజుల్ని తన ఆత్మకథలో 'కజాక్లిక్' అన్నాడు, అంటే కజక్‌గా బతకడం. దాన్ని సిగ్గుపడాల్సిన రోజులుగా చూసే పద్ధతి అప్పుడు లేదు. అది దాటొచ్చినవాడే తర్వాత రాజవుతాడన్న భావన తిమూరు వంశంలో ఉండేది.

చరిత్రవిద్యార్థి · ఆదివారం ఉదయం 9:20
బాబరు పేరెత్తారు కాబట్టి కజఖ్ వైపు కథ అక్కడి నుంచే మొదలుపెడతాను. నాకిది ఎంతో ఇష్టమైన విషయం, పోస్టు కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

15వ శతాబ్దం మధ్యలో, ఇప్పటి కజకిస్తాన్ స్టెప్పీలో (చెట్లు లేని గడ్డిమైదానం) చాలా భాగం అబుల్ ఖైర్ ఖాన్ ఏలుబడిలో ఉండేది. అతని జనాన్ని అప్పట్లో ఉజ్బెకులు అనేవారు. అతని పాలన నచ్చక జానిబెక్, కెరెయ్ అనే ఇద్దరు చెంగిజ్ వంశపు సుల్తానులు తమవాళ్ళని తీసుకుని తూర్పుకి వెళ్ళిపోయారు. మొఘలిస్తాన్ పాలకుడు ఎసెన్ బుకా వాళ్ళకి చూ నది లోయ దగ్గర చోటిచ్చాడు. ఈ ఎసెన్ బుకా ఎవరో కాదు, బాబరు తల్లి తండ్రి యూనస్ ఖాన్‌కి స్వయానా తమ్ముడు. దొరని వదిలి వెళ్ళిపోయి, లేమిలో తిరిగారు కాబట్టి వీళ్ళని మొదట ఉజ్బెక్-కజక్ అన్నారు, తర్వాత ఉత్త కజక్ మిగిలింది. కజఖ్ ఖానేట్ (ఖాన్ ఏలే రాజ్యం) మొదలైన ఏడుగా 1465ని లెక్కేస్తారు, 2015లో కజకిస్తాన్‌లో 550 ఏళ్ళ పండగ ఘనంగా చేశారు.

ఇదంతా మనకెలా తెలుసు అంటే, మీర్జా హైదర్ దుగ్లాత్ అనే ఆయన తన తారీఖ్-ఎ-రషీదీలో రాసిపెట్టాడు కాబట్టి. ఆయన బాబరుకి పిన్ని కొడుకు. 1540 నుంచి 1551లో చనిపోయేదాకా కాశ్మీర్‌ని పాలించాడు, ఆ గ్రంథం అక్కడే రాశాడు. కజఖ్ జాతి పుట్టుక గురించి అందరూ ఆధారపడే రచన మన కాశ్మీర్‌లో కూర్చుని రాసిందన్నమాట. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

గోదారిగట్టు · ఆదివారం ఉదయం 10:02
అద్భుతంగా చెప్పారు సార్. అంటే ఉజ్బెకులు, కజఖ్‌లు ఒకప్పుడు ఒకే గుంపు, వదిలి వెళ్ళినవాళ్ళు కజఖ్‌లు అయ్యారు. మరి కొసాక్కుల వైపు ఎవరైనా?

లలిత_ఎం · ఆదివారం మధ్యాహ్నం 2:40
నేను ఉక్రెయిన్‌లో, జపోరిజియాలో చదివాను. 2022 దాకా అక్కడే ఉన్నాను. ఊరి మధ్యలో ద్నీపర్ నదిలో హోర్తిత్సియా అనే పెద్ద లంక ఉంటుంది. మన గోదావరి లంకల్లా ఇసుకా, కొబ్బరిచెట్లూ కాదు, నది మీదికి నిలువుగా దిగే నల్లటి రాతి గుట్టలు. అక్కడ కొసాక్కుల మ్యూజియం ఉంది, కర్రలు నాటి కట్టిన పాతకాలం కోట నమూనా ఉంది. సెలవు రోజు వెళ్ళి అక్కడ గడ్డిలో కూర్చునేవాళ్ళం.

ఆ ఊరి పేరులోనే కథ ఉంది. 'జ పొరోహామీ' అంటే రాళ్ళ ప్రవాహాలకి అవతల. ద్నీపర్‌లో వరసగా రాతి మెట్ల మీద నీళ్ళు సుళ్ళు తిరుగుతూ దూకేవి, పడవలు పోలేవు. రాజుల సైన్యం ఎక్కడికొచ్చినా ఆ రాళ్ళ దగ్గర ఆగాల్సిందే. అందుకే పోలండ్ రాజ్యంలో జమీందారుల కింద వెట్టి చెయ్యలేక పారిపోయిన రైతులు, అప్పులవాళ్ళు, ఏ దిక్కూ లేని కుర్రాళ్ళు దాని అవతలికి చేరేవాళ్ళు. వేట, చేపలు, తేనె, వీలైనప్పుడు తాతార్ల మీదా టర్కీ రేవుల మీదా దాడి. 1550లలో విష్నెవెత్స్కీ అనే ప్రభువు ఆ లంక దగ్గరే కోట కట్టాడు. వాళ్ళ కోటని 'సిచ్' అనేవాళ్ళు, నాయకుణ్ణి అందరూ కూడి కేకలేసి ఎన్నుకునేవాళ్ళు, నచ్చకపోతే దింపేసేవాళ్ళు. 1932లో ఆనకట్ట కట్టాక ఆ రాళ్ళన్నీ నీళ్ళలో మునిగిపోయాయి, పేరు మాత్రం ఊరికి మిగిలింది.

ఇప్పుడు ఆ ఊరి గురించి వార్తల్లో వింటుంటే కడుపులో దేవినట్టుంటుంది. అది వేరే విషయం, సారీ.

వోల్గాతీరం · ఆదివారం సాయంత్రం 5:15
లలిత గారు చెప్పింది ఒక కొమ్మ. నాకు తెలిసినంతలో కొసాక్కులంటే రష్యా జార్ చక్రవర్తి గుర్రపు దళం. సమ్మెల మీదికి, ఊరేగింపుల మీదికి కొరడాలతో వచ్చేవాళ్ళు. స్వేచ్ఛ, పారిపోయిన రైతులు అనేది కొంచెం కథల్లో పెంచిన మాటేమో అనిపిస్తుంది.

లలిత_ఎం · ఆదివారం సాయంత్రం 6:01
కథల్లో పెంచింది కాదండీ. రెండూ నిజమే, కాలాలు వేరు. 1648లో బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ పోలండ్ మీద తిరగబడి కొసాక్కుల రాజ్యం నిలబెట్టాడు. ఆ తిరుగుబాటులో యూదులు వేలల్లో ఊచకోతకి గురయ్యారు, అదీ చెప్పాలి. 1654లో రష్యా జార్‌తో ఒప్పందం చేసుకున్నాడు, దాని అర్థం ఏమిటన్న గొడవ ఇవాళ్టికీ తెగలేదు. 1775లో కేథరిన్ మహారాణి సైన్యాన్ని పంపి సిచ్‌ని నేలమట్టం చేయించింది. జార్ దళం అయితే తమ కోటని తామే ఎందుకు కూల్చుకుంటారు? ఉక్రెయిన్ జాతీయగీతం పల్లవిలో మేము కొసాక్కు వంశం వాళ్ళం అనే మాట ఉంది. అక్కడ వాళ్ళు 'కొజాక్' అంటారు, 'ఒ' తో. రష్యన్లు 'కజాక్' అంటారు.

చరిత్రవిద్యార్థి · ఆదివారం రాత్రి 8:37
వోల్గాతీరం గారి మాటా కొట్టిపారేయడానికి లేదు. డాన్ నది వైపు చూడండి. మాస్కో రాజ్యంలో 1649 చట్టం రైతుని పూర్తిగా భూమికి కట్టేసింది. పారిపోయినవాణ్ణి ఎన్నేళ్ళకైనా పట్టి తేవచ్చు. కానీ డాన్ కొసాక్కులు 'డాన్ నుంచి అప్పగింతలు లేవు' అనేవారు, సామెతగా నిలిచిపోయిన మాట అది. 1670లో స్తెన్కా రాజిన్, 1773లో పుగచ్యోవ్, ఇద్దరూ డాన్ కొసాక్కులే, సామ్రాజ్యాన్ని కుదిపేశారు. పుగచ్యోవ్ తిరుగుబాటు యాయిక్ నది కొసాక్కుల మధ్య మొదలైందని, ఆ జ్ఞాపకమే ఉండకూడదని 1775లో కేథరిన్ నది పేరునే మార్చి ఉరల్ అని పెట్టించింది.

ఆ తర్వాత వందేళ్ళలో కొసాక్కుల్ని ప్రభుత్వం పూర్తిగా తన వైపు తిప్పుకుంది. భూమి ఇచ్చింది, తలపన్ను తీసేసింది, బదులుగా ప్రతి మగవాడూ సొంత డబ్బుతో గుర్రం, దుస్తులు, కత్తి కొనుక్కుని సైన్యంలోకి రావాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇలాంటి సేనలు 11 ఉన్నాయి. డాన్ నుంచి పసిఫిక్ దగ్గర ఉస్సూరి దాకా. పారిపోయినవాళ్ళ మనవళ్ళే పారిపోయేవాళ్ళని పట్టే కాపలాదారులయ్యారు. మీరు చెప్పిన కొరడాలు ఆ కాలంవి.

ఇక బావగారి ప్రశ్న. రష్యన్ వృత్తాంతాల్లో 1444లో ర్యాజాన్ కొసాక్కుల ప్రస్తావన ఉంది, తాతార్ రాజకుమారుడు ముస్తఫాతో పోరాడారని. అంతకుముందూ ఆ చుట్టుపక్కలా కజక్ అనిపించుకున్నవాళ్ళలో చాలామంది తాతార్లే. కాబట్టి మొదటి తరాల్లో టర్కిక్ రక్తం ఉంది, కానీ అది కజఖ్‌ల నుంచి వచ్చింది కాదు. తర్వాత స్లావులు వచ్చి చేరిచేరి భాషా మతమూ మారిపోయాయి. డాన్ సేనలో బౌద్ధులైన కల్మిక్‌లు కూడా ఉండేవారు, ఓరెన్‌బర్గ్ వైపు ముస్లింలూ ఉండేవారు.

భాషాప్రియుడు · ఆదివారం రాత్రి 9:10
ఆ టర్కిక్ మొదలు ఎక్కడ దొరుకుతుందంటే వాళ్ళ మాటల్లో. 'యెసావుల్' అనే హోదా టర్కిక్. సిచ్‌లో విడిదిని 'కోష్' అనేవారు, అదీ టర్కిక్. అందరూ కూడే బయలు 'మైదాన్'. కీవ్‌లో జనం నిలబడ్డ మైదాన్ ఇదే, మన ఊళ్ళో పిల్లలు క్రికెట్ ఆడే మైదానం కూడా ఇదే మాట. వాళ్ళకి క్రిమియా దారిలో వెళ్ళింది, మనకి గోల్కొండ దారిలో వచ్చింది.

సరోజిని_టీచర్ · సోమవారం ఉదయం 7:25
నేను స్కూల్లో సోషల్ చెబుతాను. మా పాత అట్లాసులో కజకిస్తాన్ ప్రాంతమంతా 'కిర్గిజ్' అని ఉంటుంది. ఎవరైనా చెబుతారా?

స్టెప్పీగాలి · సోమవారం ఉదయం 8:50
మేడమ్, మంచి ప్రశ్న అడిగారు. అక్కడ మా ఫ్రెండ్స్‌కి అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

రష్యన్‌లో కొసాక్కునీ కజఖ్‌నీ 'కజాక్' అనే అనాల్సి వచ్చేది. రెండు రకాల వాళ్ళూ ఒకే సరిహద్దులో ఎదురెదురుగా ఉన్నారు, అధికారులకి రాతకోతల్లో ఇబ్బంది. దాంతో కజఖ్‌ల పేరు తీసేసి పక్కింటివాళ్ళ పేరు తగిలించారు. కజఖ్‌లని 'కిర్గిజ్' లేదా 'కిర్గిజ్-కైసాక్' అన్నారు, అసలు కిర్గిజ్‌లని 'కర-కిర్గిజ్' (నల్ల కిర్గిజ్) అన్నారు. దాదాపు రెండొందల ఏళ్ళు ఒక జాతి మొత్తం ఇంకొకళ్ళ పేరుతో కాగితాల్లో బతికింది. 1920లో సోవియట్లు ఏర్పాటుచేసిన స్వయంపాలిత రిపబ్లిక్ పేరు కూడా కిర్గిజే, రాజధాని ఓరెన్‌బర్గ్. కజఖ్‌ని కజఖ్ అనాలని సాకెన్ సెయ్‌ఫుల్లిన్ అనే కవి పత్రికలో గట్టిగా రాశాడు. 1925లో సొంత పేరు తిరిగొచ్చింది. ఆ కవిని 1938లో స్తాలిన్ కాలపు అణచివేతలో కాల్చి చంపారు.

అప్పటికీ రష్యన్ స్పెల్లింగ్ కొసాక్కుతో కలిసే ఉంది. 1936 ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు వేసి చివరి 'క'ని 'ఖ' చేశారు. గోదారిగట్టు గారూ, మనం రాసే 'కజఖ్'లో ఆ ఖ అక్కడిది. హైదరాబాదీ గారి దక్కనీ ఖ కాదు గానీ, రెండూ గొంతులోని ఆ ఒక్క శబ్దం కోసమే పాట్లు. అదే ఏడు ఏప్రిల్‌లో కొసాక్కులు ఎర్రసైన్యంలో చేరకూడదన్న నిషేధం కూడా ఎత్తేశారు.

గోదారిగట్టు · సోమవారం ఉదయం 9:14
ఒకే సరిహద్దులో ఎదురెదురుగా అన్నారు, అదేంటి తమ్ముడూ? వాళ్ళు ఎక్కడో ఉక్రెయిన్ వైపు, వీళ్ళు ఇక్కడ కదా?

స్టెప్పీగాలి · సోమవారం మధ్యాహ్నం 1:33
లేదన్నా. కొసాక్కులు కజఖ్ నేల మీదికే వచ్చారు. 1581 ప్రాంతంలో యెర్మాక్ అనే కొసాక్కు నాయకుడు ఉరల్ దాటి సైబీరియా ఖానేట్ మీద పడ్డాడు. ఆ తర్వాత ఇర్తిష్ నది వెంట వరసగా కోటలు లేచాయి, ఓమ్‌స్క్ 1716, సెమీ 1718, ఉస్త్-కమెనొగోర్స్క్ 1720. ఒక్కో కోట చుట్టూ కొసాక్కు పల్లె, దాన్ని 'స్తనీత్సా' అంటారు. 1731లో చిన్న జూజ్ ఖాన్ అబుల్‌ఖైర్ (పైన చెప్పిన 15వ శతాబ్దపు అబుల్ ఖైర్ వేరు), తూర్పు నుంచి వచ్చే జుంగార్లనే మంగోల్ జనం దాడులకి తట్టుకోలేక, రష్యా మహారాణికి విధేయత ప్రకటించాడు. అక్కణ్ణించి మెల్లగా నేల జారిపోయింది.

మామూలు మనిషికి ఇది ఎలా తగిలేదో ఒక్క సంగతి చెప్తాను. ఇర్తిష్ ఒడ్డున పది వెర్‌స్టుల వెడల్పున (దగ్గరదగ్గర 11 కిలోమీటర్లు) నేలంతా కొసాక్కులది అన్నారు. చలికాలంలో పశువులు బతకాలంటే నది పక్కన రెల్లు, గడ్డి, గాలికి చాటు కావాలి. మైనస్ ముప్ఫైలో మంచు గట్టిపడితే పశువు గిట్టతో తవ్వుకోలేదు. ఆ ఒడ్డుకి రావాలంటే కజఖ్ కాపరి కొసాక్కుకి డబ్బు కట్టాలి, లేదా వాడి దగ్గర కూలికి ఉండాలి. తాతలనాటి చలికాలపు మేత అది. కజఖ్ నాయకుడు కెనెసరీ ఖాన్ 1837 నుంచి పదేళ్ళు పోరాడింది ఇలాంటి కోటల మీదే. ఇప్పుడు మన పిల్లలు ఎంతోమంది ఎంబీబీఎస్ చదివే అల్మాటీ కూడా 1854లో 'వెర్నీ' అనే రష్యన్ కోటగా మొదలైంది, పక్కనే కొసాక్కు పల్లెలు. పశ్చిమాన ఓరల్ పట్నం కట్టింది యాయిక్ కొసాక్కులు.

అందుకే కజఖ్‌ని కొసాక్కు అంటే బాధపడేది. ఉచ్చారణ పొరపాటు అని వాళ్ళకి అనిపించదు. తమ నేల తీసుకున్నవాళ్ళ పేరుతో పిలిచినట్టుంటుంది.

వోల్గాతీరం · సోమవారం సాయంత్రం 4:48
చాలా విషయాలు సరిదిద్దారు, థాంక్స్. నావైపు నుంచి ఒకటి. ఇద్దరూ చివరికి ఒకే రోకలి కింద నలిగారు. 1919 జనవరిలో బోల్షెవిక్ పార్టీ కొసాక్కు పెద్దల్ని, సంపన్నుల్ని నిర్దాక్షిణ్యంగా అణచమని ఆదేశం పంపింది, డాన్ ఒడ్డున ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1932-33లో కూబన్ కొసాక్కు పల్లెల్లో ధాన్యం లాక్కుని, ఊళ్ళని దిగ్బంధం చేసి, కొన్ని పల్లెల జనాన్ని మొత్తంగా ఉత్తరానికి తరలించారు.

స్టెప్పీగాలి · సోమవారం సాయంత్రం 6:20
అవే రోజుల్లో, 1930 నుంచి 33 వరకు, కజఖ్‌లకి 'అశర్షిలిక్'. కరువు. పశువుల్ని లాక్కుని సంచార జనాన్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టారు. 15 లక్షల మంది దాకా పోయారు, అందులో దాదాపు 13 లక్షలు కజఖ్‌లే, అంటే జాతిలో మూడో వంతుకి పైగా. నేను మొదట చెప్పిన ఇంటావిడ, ఏడు పేర్లు చెప్పాక, మళ్ళీ రెండో వేలు దగ్గర ఆగి, ఆ తాతకి ఆరుగురు పిల్లలు, మా వంశం నిలిచింది ఒక్కడి వల్ల అంది. టీ పోస్తూ చెప్పింది. ఆ తర్వాత ఎవరం ఏం మాట్లాడలేదు.

సరోజిని_టీచర్ · సోమవారం రాత్రి 7:05
ఈ వారం తొమ్మిదో తరగతిలో అట్లాసు తెరిచినప్పుడు ఇది చెబుతాను. తెలుగులో ఎలా రాయమంటారు? పేపర్లలో కజక్, కజఖ్, కజాక్ అన్నీ కనిపిస్తున్నాయి.

భాషాప్రియుడు · సోమవారం రాత్రి 7:40
నా ఓటు, జాతికి కజఖ్, రౌతులకి కొసాక్కు. కజాక్ అని మాత్రం రాయకండి, అది చూస్తే ఎవరి గురించో తెలీదు. పాత అనువాదాల్లో రెండు రకాలుగానూ వాడారు, సందర్భం చూసుకుని చదువుకోవాల్సిందే.

గోదారిగట్టు · మంగళవారం రాత్రి 9:55
అందరికీ చేతులెత్తి దండం. టాపిక్ మొత్తం మా బావకి చదివి వినిపించాను. ఎసెన్ బుకా, బాబరు తాత దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాడు. మావాడికి కూడా లింకు పంపాను. వాడు హాస్టల్ వార్డెన్ ఆంటీని అడిగి వాయిస్ మెసేజ్ పంపాడు. ఆవిడ రెండు మాటలు పలికింది. తమ జాతి పేరు చెప్పేటప్పుడు రెండు 'క'లూ గొంతు అడుగు నుంచి వచ్చాయి. కొసాక్కుల్ని 'కజాక్-ఒరిస్' అంది, అంటే కజాక్ రష్యన్లు, అందులో క మన క లాగానే తేలిగ్గా ఉంది. వాళ్ళ భాషలో అసలు తికమకే లేదు, రాతలో కూడా రెండు క లకీ వేర్వేరు అక్షరాలున్నాయట.

మా బావ ఆ మెసేజ్ నాలుగుసార్లు పెట్టించుకుని విన్నాడు. ఇప్పుడు వరండాలో కూర్చుని ఆ లోపలి 'క' ప్రాక్టీస్ చేస్తున్నాడు.